పాట నడుస్తోంది, సప్పుడు రావట్లేదు: ఎక్కడ చూడాలి?

నల్లగొండలో మొబైల్ షాపుల పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకున్న బతుకమ్మ పాటలు ఇంటి కంప్యూటర్‌లో పెడితే టైము కదులుతున్నా సప్పుడు రావట్లేదని అడిగారు. టైము కదులుతుందంటే ప్లేయర్ ఫైలును చదువుతున్నట్టే. పాటలు మళ్లీ ఎక్కించడానికి పైసలు పెట్టకండి.

ఎక్కువసార్లు తప్పు జరిగేది అవుట్‌పుట్ దగ్గరే, అంటే సౌండు బయటికి వెళ్లే దారి దగ్గరే. మానిటర్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో తగిలిస్తే విండోస్ సౌండును కూడా ఆ వైరులోకే పంపొచ్చు. మానిటర్‌కు స్పీకర్లు లేకపోతే ఇంకేం వినిపిస్తుంది? టాస్క్‌బార్ కుడిచివర ఉన్న స్పీకర్ గుర్తు నొక్కండి. వాల్యూమ్ గీత పక్కనున్న బాణం గుర్తుతో జాబితా తెరిచి, మానిటర్ పేరు బదులు 'స్పీకర్స్' ఎంచుకోండి.

అది సరిగానే ఉంటే సీపీయూ వెనక్కి వెళ్లండి. స్పీకర్ల 3.5 మి.మీ. పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. గులాబీది మైకుకు, నీలంది బయటి సౌండు లోపలికి తీసుకోవడానికి. పిన్ను సగమే దిగితే ఒకే పక్క వినిపించొచ్చు, కాబట్టి టక్కుమనేదాకా నొక్కండి.

యూట్యూబ్ వినిపించి వీఎల్‌సీ ప్లేయర్ ఒక్కటే మూగగా ఉంటే కీబోర్డుపై 'ఎం' నొక్కి చూడండి, మ్యూట్ పోతుంది. ఏదైనా పాటకు టైము కూడా కదలక, ఫైలు సైజు 0 కేబీ అని చూపిస్తే మాత్రం కాపీ పూర్తికాక ముందే పెన్‌డ్రైవ్ పీకి ఉంటారు. ఆ ఒక్క పాటే మళ్లీ ఎక్కించుకోవాలి.