టెక్ సందేహాలు: పెన్సిల్ గీతతో ఎలక్ట్రానిక్ చర్మం

ప్రశ్న: మొక్కల పదార్థాలతో ఎలక్ట్రానిక్ చర్మం (ఒంటికి అంటించుకునే పలుచని సెన్సర్ పట్టీ) తయారుచేస్తున్నారని చదివాను. మొక్కల్లోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌లోంచి కరెంటు పోదు కదా! మరి అది వేలు వంగడాన్ని, నాడి కొట్టుకోవడాన్ని ఎలా పసిగడుతుంది?

జవాబు: మీ అనుమానం సబబే. సెల్యులోజ్ పని పలుచని పొరగా ఒంటికి అతుక్కుని, ఒంటితోపాటు వంగడం వరకే. కరెంటు మోసే పని వేరే పదార్థానిది.

చేసి చూస్తే బాగా తెలుస్తుంది. కాగితం ముక్క మీద 6బీ లాంటి మెత్తటి పెన్సిల్‌తో నాలుగైదు సెంటీమీటర్ల గీతను నిగనిగలాడేదాకా రుద్దండి. రెండు చివర్లకూ మల్టీమీటర్ క్లిప్పులు తగిలించి, కిలో ఓమ్‌లలో పెట్టండి. కరెంటుకు ఎంత అడ్డు ఉందో అందులోని అంకె చెబుతుంది. గీత బయటివైపుకు వచ్చేలా వంచితే అంకె పెరుగుతుంది. లోపలికి వంచితే తగ్గుతుంది. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ రేణువులు ఎడమైతే కరెంటుకు దారి ఇరుకవుతుంది, దగ్గరైతే సులువవుతుంది. కాగితం అంటే సెల్యులోజే కాబట్టి మీ చేతిలో ఉన్నది మొరటు రకం ఎలక్ట్రానిక్ చర్మమే. (నేను మొదటిసారి గట్టి పెన్సిల్ వాడి, మీటరే పాడైందనుకున్నాను.)

ప్రయోగశాలల్లో జరిగేదీ ఇదే, కాకపోతే నాజూగ్గా. కలప గుజ్జును నానోమీటర్ల మందం పోగులుగా విడదీసి ఆరబెడితే అవతలి అక్షరాలు కనిపించేంత పారదర్శకమైన కాగితం వస్తుంది. దానిమీద కార్బన్ నానోట్యూబులనో, వెండి నానోతీగలనో పరుస్తారు. నాకు బాగా నచ్చింది మాత్రం అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో జేమ్స్ టూర్ బృందం చేసిన పని. 2014లో వాళ్లు పాలీఇమైడ్ ప్లాస్టిక్ మీద లేజర్‌తో కాల్చి, ఆ పదార్థంలోని కార్బన్‌నే గ్రాఫీన్‌గా (కరెంటు మోసే పలుచని కార్బన్ పొర) మార్చి గీశారు. 2017లో కలప మీద, 2018లో కొబ్బరి చిప్ప, బంగాళదుంప, బ్రెడ్ మీద కూడా గీసి చూపించారు. అంటే పొరా మొక్కదే, తీగా మొక్కదే!

ఇంకో దారి జెల్. పిండి పదార్థాన్నో సెల్యులోజ్‌నో నీటితో జెల్‌గా మార్చి ఉప్పు కలిపితే అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) కరెంటు మోస్తాయి. మన నరాలూ అయాన్లతోనే కబురు పంపుతాయి.

ప్రశ్న: చెమట పడితే పాడైపోదా? అంటించుకుని స్నానం చేయొచ్చా?

జవాబు: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ పదార్థాలు తేమను ఇట్టే పీల్చుకుంటాయి. పొర ఉబ్బితే వేలు కదలకపోయినా కదిలినట్టు అంకె మారుతుంది. పైన చేసిన కాగితం వెనకవైపు నోటితో వెచ్చటి ఊపిరి వదిలి మీటర్ చూడండి, అంకె నిలవదు. జెల్‌ది తిరగబడ్డ కష్టం: అది ఎండిపోతుంది. అందుకే గ్లిజరిన్ కలిపి తడి ఆరకుండా చూస్తారు. పైన నీరు దిగని పూత వేయొచ్చు కానీ, అప్పుడు చర్మానికి గాలాడదు. పక్కనే సాగని సెన్సర్ ఒకటి పెట్టి, తేమ వల్ల వచ్చిన తేడాను తీసేయడం కాస్త తెలివైన పద్ధతి. స్నానం సంగతంటారా, పూత లేని పొరతో వద్దు.

ప్రశ్న: మొక్కలతో చేసిందే కాబట్టి వాడాక కంపోస్ట్‌లో వేయొచ్చా?

జవాబు: ఉత్త పొరైతే మట్టిలో కలుస్తుంది. చిప్పు, బ్యాటరీ, వెండి తీగలు కలవవు. ముందు వాటిని ఊడదీసి ఈ-వేస్ట్‌లో ఇవ్వాలి. 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగైతే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. ప్యాకెట్ మీద ‘మొక్కల ఆధారితం’ అని కనబడితే ఏ భాగమో చూడండి. మొక్కదే కదా, ఒంటికి పడుతుందిలే అని కూడా అనుకోవద్దు. రబ్బరు చెట్టు పాలలోని ప్రోటీన్లతో కొందరికి దద్దుర్లు వస్తాయి.

ప్రశ్న: స్మార్ట్‌వాచ్ కొనకుండా దీనికోసం ఆగమంటారా?

జవాబు: ఆగొద్దు. ఒకట్రెండు రోజులు అంటించి తీసిపారేసే పట్టీలకే ఈ పొరలు బాగా పనికొస్తాయి. ఏళ్ల తరబడి వాడాల్సిన వాచీ మట్టిలో కలిసే రకమైతే మీకే నష్టం.