బండి తాళం ఇవ్వకపోతే అలుగుతున్నాడు

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయికి పదిహేనేళ్లు, పదో తరగతి. ట్యూషన్‌కి మా వారి స్కూటీ వేసుకెళ్తున్నాడు. ఇంకో ఇద్దరిని ఎక్కించుకుని తిరగడం మా చెల్లెలు చూసింది. వద్దంటే అన్నం మానేసి అలుగుతాడు. 'మగపిల్లాడు, అందరూ నడపట్లేదా' అని మా వారు వెనకేసుకొస్తారు. వాడు ఇల్లు చేరేదాకా నాకు టెన్షనే. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు మాట్లాడాల్సింది మీ వారితో. మీరు వద్దంటుంటే ఆయన తాళం చేతికిస్తుంటే, పిల్లవాడు ఎవరి మాట వింటాడో తెలిసిందే కదా.

పదహారేళ్లకు ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు, గేర్లు లేని బండ్లకే. మీ వాడికి ఆ వయసూ రాలేదు. మిగతా బండ్లకు 18 నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం జరిగితే తండ్రి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా తీసుకెళ్లాడని రుజువు చేసుకుంటే తండ్రికి మినహాయింపు ఉంది గానీ, మీ వారు తాళం తానే ఇస్తున్నారాయె. ఎదుటివారికి దెబ్బ తగిలితే, బీమా కంపెనీ ఇచ్చిన పరిహారాన్ని ఆయన దగ్గరే రాబట్టుకోవచ్చు కూడా. ఇదంతా ఆయనకు నెమ్మదిగా, అబ్బాయి లేనప్పుడు చెప్పండి.

ఇక అబ్బాయి. తిడితే మొండికేస్తాడు. ఒక ఆదివారం వాళ్ల నాన్ననే వీధిలోకి తీసుకెళ్లమనండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఫోన్ మోగిందని రెండు సెకన్లు కిందికి చూస్తే 22 మీటర్లు. ఆ దూరాన్ని వాడి చేతే టేపుతో కొలిపించండి. అంత మేరా కళ్లు మూసుకుని నడిపినట్టే. వెనక ఇద్దరు కూర్చుంటే నడిపేవాడు సీటు అంచుకు జరిగిపోతాడు, హ్యాండిల్ తిప్పడానికి మోచేతులు ఆడవు, బ్రేకు వేసినా బండి ఇంకాస్త ముందుకెళ్లి గానీ ఆగదు. ఈ మాటలు మీ నోట వింటే భయపెడుతున్నారనుకుంటాడు. నాన్న చెబితే ఆలోచిస్తాడు.

మీ వాడి అసలు ఇబ్బంది 'రేయ్, నన్నూ దించరా' అంటే కాదనలేకపోవడం అయ్యుండొచ్చు. 'మా నాన్న తాళం ఇవ్వట్లేదు' అనే మాట వాడికీ ఊరటే. ఆ నింద మీ వారు సంతోషంగా మోయాలి. ట్యూషన్‌కి సైకిల్ కొనివ్వండి, లేదా నాన్నే దింపి రావాలి. వెనక కూర్చున్నా హెల్మెట్ తప్పదు కాబట్టి ఐఎస్ఐ గుర్తున్నది వాడి తలకు సరిపోయేలా ఇప్పుడే కొనండి. నాన్న హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని నడిపితే మాత్రం మీరెన్ని చెప్పినా దండగ.

అలక రెండు రోజులు ఉంటుంది. కంచం దగ్గర బండి ఊసెత్తకండి. పద్దెనిమిది నిండగానే నాన్నే దగ్గరుండి ఎల్ఎల్ఆర్ తీయించి నేర్పిస్తారని మాటివ్వండి, నిలబెట్టుకోండి. వెనకెక్కే ఆ ఇద్దరి తల్లులకూ ఫోన్ చేయండి. వాళ్ల ఇళ్లలోనూ తాళాలు దొరకకపోతేనే మీ వాడు వాళ్ల బండి ఎక్కడు.