ఇతరుల ఉత్తరాలు రాస్తే మనసులు తెలుస్తాయా?

ప్రశ్న: ‘వయొలెట్ ఎవర్‌గార్డెన్’ అనే అనిమేలో (జపాన్ యానిమేషన్ సిరీస్) ఏ భావమూ తెలియని అమ్మాయి, ఇతరుల కోసం ఉత్తరాలు రాస్తూ రాస్తూ మనుషుల్ని అర్థం చేసుకుంటుంది. నిజ జీవితంలో అలా జరుగుతుందా, కథ కోసం అల్లిందేనా?

జరుగుతుంది. కాకపోతే ఆలస్యంగా జరుగుతుంది, ఈలోగా కొన్ని ఉత్తరాలు పాడవుతాయి. నేను స్వయంగా పాడుచేసినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

తొంభైల్లో మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. అప్పటికి కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల. మా వాడలో ఏ ఇంట్లో చూసినా ఒకరు దుబాయికో, మస్కట్‌కో, సౌదీకో పోయినవాళ్ళే. ఇంటి దగ్గర ఆడవాళ్ళు బీడీలు చుట్టేవాళ్ళు. నేను ఆరో తరగతి. దస్తూరి గుండ్రంగా ఉంటుందని చదువు రానివాళ్ళు నన్ను పిలిచి ఉత్తరాలు రాయించుకునేవాళ్ళు. ఫీజు గుప్పెడు పల్లీలు.

మా పక్కింటి అవ్వ కొడుకు దుబాయి పోయి మూడేళ్ళు. నెలకోసారి అవ్వకు ఉత్తరం రాసిపెట్టేది నేనే. చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ చెప్పేది: “మంచిగున్న అని రాయి కొడుకా. పైసలందినయి. బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది. పైలంగుండుమను.” మొదటి వాక్యం మాత్రం నాది, బడిలో నేర్పింది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాను.

ఒకసారి అవ్వకు పది రోజుల నుంచి జ్వరం. కంబళి కప్పుకుని కూర్చుని, ఎప్పటిలాగే “మంచిగున్న అని రాయి” అంది. అబద్ధం రాయడమేమిటని నాకు పట్టుదల వచ్చింది. మేమంతా క్షేమం అని మొదలుపెట్టి, దాని కిందనే అవ్వకు జ్వరం వచ్చి పది రోజులైందని, అన్నం తినడం లేదని, ఈ సంగతి నీకు చెప్పొద్దన్నదని కూడా రాసేశాను. పూర్తి నివేదిక అన్నమాట.

ఆ ఉత్తరం దుబాయి చేరేసరికి జ్వరం ఎప్పుడో పోయింది, అవ్వ రోజూ బీడీలు చుడుతోంది. అవతల ఆయనకు మాత్రం అదే ఆ రోజు వార్త. ఊళ్ళో ఫోనున్న కిరాణా కొట్టుకు ఫోన్ చేశాడు. ఎవరో పరుగెత్తుకొచ్చి అవ్వను పిలుచుకుపోయారు. దుబాయి నుంచి ఫోనంటే మా ఊళ్ళో అర్థం ఒకటే, ఎవరికో ఏదో అయిందని. అవ్వ ఏడుస్తూ పోయి, తిట్టుకుంటూ తిరిగొచ్చింది. అప్పు చేసి ఫోన్ చేశాడట. “నిన్నెవడు రాయమన్నడు ర?” అని నా వీపు మీద ఒకటేసింది.

ఇప్పుడు వయొలెట్ సంగతి. చూడనివాళ్ళ కోసం రెండు మాటలు: చిన్నప్పటి నుంచి సైన్యంలో ఆయుధంలా వాడుకోబడిన అమ్మాయి. యుద్ధంలో రెండు చేతులూ పోయాయి, వాటి స్థానంలో లోహపు చేతులు. తనను చూసుకున్న మేజర్ గిల్బర్ట్ చివరిసారి “నిన్ను ప్రేమిస్తున్నాను” అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలనే లైడెన్ నగరంలో హాజిన్స్ అనే మాజీ సైనికాధికారి పెట్టిన తపాలా కంపెనీలో ‘ఆటో మెమరీ డాల్’గా చేరుతుంది. బొమ్మ కాదు, ఉద్యోగం పేరు: జనం చెప్పింది విని టైప్ చేసి ఉత్తరంగా మలిచేవాళ్ళు. కథ ప్రకారం ఒక ప్రొఫెసర్, చూపు పోయిన తన భార్య కోసం (ఆమె రచయిత్రి) చేసిన యంత్రం నుంచి ఆ పేరు వచ్చింది. 2018లో వచ్చిన 13 ఎపిసోడ్ల సిరీస్, తీసింది క్యోటో యానిమేషన్.

రెండో ఎపిసోడ్‌లో ఒకామె తన వెంటపడే మగవాడికి ఉత్తరం రాయించడానికి వస్తుంది. అతనంటే ఇష్టమే, కాస్త బెట్టు చేయాలని కోరిక. వయొలెట్ ఆ బెట్టును ఉన్నదున్నట్టు నమ్మి, మీరంటే నాకు ఆసక్తి లేదన్న ధోరణిలో రాసి పంపేస్తుంది. అది చూసి నేను పకపకా నవ్వాను, వెంటనే వీపు మండింది.

చాలామంది ఈ సిరీస్ గురించి ‘భావాల్లేని అమ్మాయి భావాలు నేర్చుకుంది’ అంటారు. నాకు అలా అనిపించలేదు. భావాలు ఆమెకు మొదటి నుంచీ ఉన్నాయి, మేజర్ పేరెత్తితే చాలు కనిపిస్తాయి. ఆమెకు తెలియనిది వేరు: మనుషులు ఒకటి చెబుతూ ఇంకొకటి చెబుతారని. సైన్యంలో ఆజ్ఞ అంటే ఆజ్ఞే, దాని కింద మరో అర్థం ఉండదు. ఉత్తరాల పనిలో మాత్రం ఆ రెండో అర్థం పట్టుకోకపోతే కస్టమర్ తిరిగొచ్చి ఏడుస్తాడు. అందుకే ఈ పని నేర్పగలిగింది. ఊరికే మనుషుల మధ్య ఉంటే రాదు, పొరపాటుకు ఎవరో ఒకరు ఎదురొచ్చి నిలబడాలి.

మూడో ఎపిసోడ్ నాకు ఎక్కువ ఇష్టం. శిక్షణ బడిలో వేగం, వ్యాకరణం అన్నిట్లో ఆమే ముందు, కానీ రాసింది ఉత్తరం కాదు రిపోర్టు అని టీచర్ పట్టా ఇవ్వదు. తోటి విద్యార్థిని లుకూలియా వాళ్ళన్నయ్య యుద్ధం నుంచి తిరిగొచ్చి, తల్లిదండ్రుల్ని కాపాడలేకపోయానని తాగుతుంటాడు. వయొలెట్ ఆ చెల్లెలి తరఫున అతనికి ఒక చిన్న చీటీ రాస్తుంది. నువ్వు బతికున్నందుకు సంతోషంగా ఉంది, అంతే. లుకూలియా అలా రాయమని చెప్పలేదు. నేను కూడా చెప్పని మాటే రాశాను కదా, తేడా ఏమిటని చాలాసేపు ఆలోచించాను. ఆమె రాసింది చెల్లెలు చెప్పలేకపోయిన మాట. నేను రాసింది అవ్వ వద్దనుకున్న మాట. పదకొండేళ్ళ వయసులో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఏడో ఎపిసోడ్ గురించీ చెప్పాలి, ఎందుకంటే మనసు తెలియడానికి ఖర్చుంటుందని చూపించేది అదే. కూతుర్ని పోగొట్టుకున్న నాటక రచయిత ఆస్కార్ దగ్గర పని చేశాక, తాను యుద్ధంలో చంపిన ప్రతి ఒక్కరి కోసం ఇంటి దగ్గర ఎవరో ఎదురుచూసి ఉంటారని ఆమెకు తట్టుతుంది. చేసిన పనులతో నువ్వు కాలిపోతున్నావు, అది నీకే తెలియడం లేదని హాజిన్స్ మొదట్లో అన్న మాట అప్పుడు అర్థమవుతుంది. ఆ తర్వాత రైలు మీద పోరాటాలు, సైనిక కుట్రలు ఉన్న ఎపిసోడ్లు నాకు అంతగా ఎక్కలేదు. ఫాస్ట్ ఫార్వర్డ్ చేసినా పెద్దగా పోయేదేమీ లేదు.

పదో ఎపిసోడ్ గురించి అందరూ చెబుతారు, ఏడిపించేది అదే. జబ్బుతో ఉన్న తల్లి వయొలెట్‌ను వారం రోజులు ఇంట్లో ఉంచుకుని ఉత్తరాలు రాయిస్తుంది. ఏడేళ్ళ కూతురు ఆన్‌కు కోపం, అమ్మ సమయమంతా ఈ బొమ్మ తినేస్తోందని. ఆ ఉత్తరాలు కూతురికే, తాను పోయాక ఏటా పుట్టినరోజుకు ఒకటి, మొత్తం 50. నన్ను పట్టుకున్నది ఆ సంఖ్య కాదు. పదో పుట్టినరోజు ఉత్తరంలో తల్లి అడిగే మాటలు: ఇంకా పుస్తకాలూ డాన్సూ ఇష్టమేనా, పొడుపు కథలు, పురుగులు పట్టడం మానేశావా? ఇంత మామూలు మాటలా అనిపిస్తుంది. పోబోయే తల్లి రాయించుకున్నది ఇవే.

2020లో వచ్చిన సినిమాలో ఇంకో మలుపుంది. చావుబతుకుల్లో ఉన్న ఒక పిల్లవాడి దగ్గరికి వయొలెట్ సమయానికి చేరలేదు. ఉత్తరానికి పోటీ అని డాల్స్ విసుక్కునే టెలిఫోనే, అతణ్ణి స్నేహితుడితో మాట్లాడిస్తుంది. మా కిరాణా కొట్టు ఫోన్ గుర్తొచ్చింది. సినిమా ముగింపు మాత్రం నాకు నచ్చలేదు, ఎందుకో చెబితే చూడనివాళ్ళకు అన్యాయం. 2019 జులైలో క్యోటో యానిమేషన్ స్టూడియోకు ఎవరో నిప్పుపెడితే 36 మంది చనిపోయారు, సినిమా ఆలస్యమైంది. చివర పేర్లు వచ్చేటప్పుడు లేవలేకపోయాను.

మొదటి రెండు ఎపిసోడ్లు నెమ్మదిగా నడుస్తాయి, ఓపిక పట్టండి. నేను నెట్‌ఫ్లిక్స్‌లో జపనీస్ ఆడియోతోనే చూశాను.

ఇంకొకటి మిగిలింది. ఆ జ్వరం ఉత్తరం రోజున అవ్వ చివర్లో ఇంకో మాట చెప్పింది. వాళ్ళది గూనపెంకుల ఇల్లు. “మొన్న వానకు వాని మంచం కాడ కురిసింది, మంచం ఇవతలికి జరిపిన అని రాయి” అంది. కొడుకు పోయి మూడేళ్ళయినా ఆ మంచం మీద ఎవరూ పడుకునేవాళ్ళు కాదు. నాకది వాన సంగతిలాగే వినిపించింది. పైగా కాగితంలో జాగా లేదు, జ్వరం గురించే నాలుగు వరుసలు పోయాయి. అంటించే ముందు అవ్వ చేతిలో బీడీ ఆపి అడిగింది.

“మంచం ముచ్చట రాసినవా?”

“రాసిన” అన్నాను.