గేమ్ స్ట్రీమింగ్ కెరీర్ అవుతుందా అంటే, ముందు మీ తమ్ముడి చేతికి మైకు ఇచ్చి చూడండి

మీ ప్రశ్న ఇది: ఇంటర్ అయిన మీ తమ్ముడు డిగ్రీలో చేరను, గేమ్ స్ట్రీమింగ్, ఈస్పోర్ట్స్ (అంటే వీడియో గేమ్ పోటీల) కామెంటరీ చేసుకుంటాను అంటున్నాడు, మీది కావలి దగ్గర పల్లె, ఇది నిజంగా బతుకుతెరువు అవుతుందా అని. అవుతుంది. కాకపోతే మీ తమ్ముడు ఒకే ఊపిరిలో చెప్పిన ఆ రెండూ ఒకే పని కాదు. స్ట్రీమింగ్ అంటే తను ఆడే ఆటని నెట్‌లో లైవ్‌గా చూపించడం, కామెంటరీ అంటే వేరేవాళ్ళు ఆడే పోటీని మైకులో చెప్పడం. మొదటి దాని మీద నేను మీకు ధైర్యం చెప్పలేను. రెండో దాని గురించి ఎంతసేపైనా చెబుతాను, ఎందుకంటే మా ఇంటి ఖర్చుల్లో సగం ఆ సంపాదనతోనే గడుస్తోంది. మాది టంగుటూరు వైపు. ఇప్పుడు ఒంగోల్లో ఉంటూ పగలు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. సాయంత్రాలు, ఆదివారాలు మైకు పని.

స్ట్రీమింగ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. చూసేవాళ్ళు సూపర్ చాట్‌లో పంపిన డబ్బులో 70 శాతం మనకి, మిగతాది యూట్యూబ్‌కి. ఇంత వరకు ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఏంటంటే, ఈ మెట్టు ఎక్కాక కూడా మన బతుకు ఒక్క గేమ్ మీద ఆధారపడి ఉంటుంది. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ని నిషేధించారు. 2021 జులైలో అదే గేమ్ బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది. 2022లో బీజీఎంఐ టోర్నమెంటును స్టార్ స్పోర్ట్స్ టీవీలో వేశారు, మా ఇంట్లో నాన్న కూడా కూర్చుని చూశారు. ఆ టోర్నమెంటు జులై 17న అయిపోయింది. జులై 28న ప్లే స్టోర్‌లో గేమే లేదు. మళ్ళీ 2023 మేలో గానీ రాలేదు.

ఆ పది నెలలు నేను చూశాను. ఒంగోల్లో నాకు తెలిసిన స్ట్రీమర్ కుర్రాళ్ళు, నాకంటే ఎంతో బాగా ఆడేవాళ్ళు, వేరే గేమ్‌కి మారితే చూసేవాళ్ళు వెంట రాలేదు. కొంతమంది స్ట్రీమింగ్‌కి వాడే క్యాప్చర్ కార్డులు, ఫోన్లు సగం ధరకి అమ్మేసుకున్నారు. నాకు మాత్రం ఆ పది నెలలూ పని దొరికింది. టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్లు, తిరునాళ్ళలో కబడ్డీ, స్కూల్ వార్షికోత్సవాల్లో ఆటల పోటీలు, ఎక్కడ మైకు ఉంటే అక్కడికి వెళ్ళాను. అందుకే మీ తమ్ముడికి నేను చెప్పేది ఒకటే: ఆడటం కాదు, ఆటని చెప్పడం నేర్చుకోమనండి. గేమ్ ఏదైనా ఆ విద్య పనికొస్తుంది.

ఆ విద్య నేర్పే గురువులు మన జిల్లాల్లోనే ఉన్నారు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకి మీరు ఎప్పుడైనా వెళ్ళారా? వెళ్ళే ఉంటారు. ఈసారి ఎడ్లని కాదు, మైకు పట్టుకున్న మనిషిని చూడండి. ఎవరి జత, ఏ ఊరు, ఏ మండలం, ఎన్నో రౌండు, ఇప్పటిదాకా ఎన్ని అడుగులు లాగాయి, ఇంకా ఎన్ని నిమిషాలు ఉన్నాయి, మొదటి స్థానంలో ఉన్న జత కంటే ఎన్ని సెకన్లు ముందున్నాయి, ఎన్ని సెకన్లు వెనకబడ్డాయి. ఇవన్నీ ఆయన తడుముకోకుండా చెబుతూనే ఉంటాడు. మలుపు దగ్గర ఎడ్లు తిరిగేటప్పుడు గొంతు తగ్గిస్తాడు, బండ కదలగానే పెంచుతాడు. రెండు పళ్ళ విభాగం నుంచి సీనియర్స్ దాకా ఎండలో గంటల తరబడి అదే పని, గొంతు బొంగురుపోకుండా. దాతల పేర్లు కూడా మధ్యలో చదవాలి, ఆ పేర్ల వల్ల ఒక్క రౌండు కూడా మిస్ కాకూడదు. పెద్ద టోర్నమెంట్లలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునే క్యాస్టర్లు, అంటే గేమ్ కామెంటేటర్లు, చేసే పని ఇంతకంటే వేరేం కాదు. స్పాన్సర్ పేరు చదువుతూనే ఏ జట్టు ఎక్కడుందో, ఎన్ని పాయింట్లు కావాలో చెప్పాలి. నేను చిన్నప్పుడు నాన్నతో కలిసి వెళ్ళి విన్న ఆ మైకే నాకు దారి చూపించింది. ఇంగ్లీషు క్యాస్టర్ల వీడియోలు తర్వాత చూశాను.

దీనికి ఒక అనుభవం చెప్పాలి. ఒంగోల్లో ఒక కల్యాణ మండపంలో బీజీఎంఐ టోర్నమెంటు పెట్టారు. పొదిలి, దర్శి, కనిగిరి, సింగరాయకొండ, చీమకుర్తి, ఇలా చుట్టుపక్కల నుంచి 16 జట్లు, జట్టుకి నలుగురు. పెళ్ళిళ్ళకి వేసే ఎర్ర కుర్చీలే నాలుగేసి చొప్పున వరసలు వేశారు. వధూవరులు కూర్చునే వేదిక మీద తెర కట్టి ప్రొజెక్టర్ పెట్టారు. ఓడిన జట్టు లేచి గోడ వైపు వెళ్ళి నిలబడాలని నిర్వాహకులు ముందే చెప్పారు. ఆఖరి మ్యాచ్, ఎరాంగెల్ అనే మ్యాప్ మీద. ఈ ఆటలో ఆడే చోటు జోన్ తర్వాత జోన్‌గా కుదించుకుపోతుంది, ఆఖరిదాకా మిగిలిన జట్టే మ్యాచ్ గెలుస్తుంది. నాలుగో జోన్ మూసుకుంటుండగా కరెంటు పోయింది. జనరేటర్ అందుకుని లైట్లు, ఫ్యాన్లు, మైకు వచ్చాయి గానీ, మ్యాచ్‌ని తెర మీద చూపించే అబ్జర్వర్ ల్యాప్‌టాప్‌కి నెట్ రాలేదు. ఆటగాళ్ళు సొంత మొబైల్ డేటా మీద ఆడుతున్నారు కాబట్టి వాళ్ళ ఆట ఆగలేదు. అంటే మ్యాచ్ జరుగుతోంది, చూడ్డానికి వచ్చిన జనానికి మాత్రం తెల్లటి గుడ్డ తప్ప ఏమీ కనపడటం లేదు. వెనక వరసల్లో ఈలలు మొదలయ్యాయి.

నిర్వాహకుల్లో ఒక అబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చి, "అన్నా, నువ్వు వాళ్ళ వెనకాల తిరుగుతూ ఫోన్లలో చూసి చెప్పేయ్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అందరూ ఒకే హాల్లో ఉన్నారు. ఫలానా జట్టు మ్యాప్‌లోని పోచింకి ఊళ్ళో ఇంటి మేడ మీద ఉంది అని నేను మైకులో అంటే, పక్క వరసలో కూర్చున్న ప్రత్యర్థులు అది విని అక్కడికే గ్రెనేడ్ వేస్తారు. పెద్ద పోటీల్లో ఆటగాళ్ళకి బయటి మాట వినపడని హెడ్‌ఫోన్లు పెట్టేదీ, ప్రసారాన్ని కొన్ని నిమిషాలు ఆలస్యంగా ఇచ్చేదీ అందుకే. మా హాల్లో ఆ హెడ్‌ఫోన్లు ఎవరికీ లేవు. తెర ఉన్నంతసేపూ నేను స్థలాల పేర్లు ఎత్తకుండానే చెబుతూ వచ్చాను.

నా ముందు ఒక కాగితం ఉంది, అంతకుముందు మ్యాచ్‌ల పాయింట్లు రాసుకున్నది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. సింగరాయకొండ జట్టుకి 41 పాయింట్లు, వాళ్ళు ఈ మ్యాచ్‌లో అప్పటికే అవుటై గోడ దగ్గర నిలబడి ఉన్నారు. ఇక వాళ్ళకి ఒక్క పాయింటు కూడా పెరగదు. కనిగిరి కుర్రాళ్ళకి మ్యాచ్ మొదలయ్యేసరికి 33, తెర పోయేలోపు ఒక కిల్ తీసుకున్నారు, అంటే ప్రత్యర్థి ఆటగాణ్ణి ఒకణ్ణి అవుట్ చేశారు, దానికి ఒక పాయింటు కాబట్టి 34. చికెన్ డిన్నర్ కొడితే, అంటే మ్యాచ్‌లో మొదటి స్థానం వస్తే 10, మొత్తం 44, కప్పు వాళ్ళదే. రెండో స్థానంలో ఆగిపోతే 6, అంటే 40. అప్పుడు కప్పు కావాలంటే ఇంకో రెండు కిల్స్ చాలు. ఒక్కటే వస్తే సమానం. మూడో స్థానమైతే 5, మూడు కిల్స్ కావాలి. ఇదంతా నేను జనానికి నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాను. తర్వాత తెర వైపు కాదు, కుర్చీల వైపు చూడమన్నాను. ఇంకా ఆరు జట్లు కూర్చుని ఉన్నాయి. ఒక వరస లేచింది, ఐదు. పొదిలి కుర్రాళ్ళు లేచారు, నాలుగు. కనిగిరి వరసలో నలుగురూ తల ఎత్తలేదు. ఒకడు కాలు మాత్రం గడగడా ఊపుతున్నాడు. ఈలలు వేసినవాళ్ళు లేచి నిలబడి కుర్చీలు లెక్కపెడుతున్నారు. చీమకుర్తి వాళ్ళు లేవగానే మూడు. అక్కడితో కనిగిరికి మూడో స్థానం ఖాయం.

నెట్ వచ్చి తెర వెలిగేసరికి రెండు జట్లే మిగిలాయి. కనిగిరి జట్టులో ఒక్క కుర్రాడు, చెట్టు వెనక, అవతల దర్శి జట్టు ముగ్గురు. ఒకణ్ణి పడగొట్టాడు, పక్కవాడు లేపేసరికి మళ్ళీ పడగొట్టి ఈసారి కిల్ పూర్తి చేశాడు. అంతలో మూడోవాడు పక్క నుంచి వచ్చి ఈ కనిగిరి కుర్రాణ్ణి అవుట్ చేశాడు. రెండో స్థానం, 6. కిల్స్ మొత్తం రెండు. 33, 6, 2 కలిపితే 41. సమానం. నిర్వాహకులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. రూల్స్ కాగితం నేను ముందు రోజే చదివాను కాబట్టి వెంటనే మైకులో చెప్పాను: పాయింట్లు సమానమైతే ఎవరికి ఎక్కువ చికెన్ డిన్నర్లు ఉన్నాయో చూస్తారు. సింగరాయకొండకి రెండో మ్యాచ్‌లో ఒకటి ఉంది, కనిగిరికి లేదు. కప్పు సింగరాయకొండకి.

ఆ తర్వాత ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. కనిగిరి కుర్రాడికి మేనమామ, వాళ్ళని బండిలో తీసుకొచ్చిన మనిషి. "ఆట నాకేం తెలీదబ్బాయ్. మావోడు ఎంతలో పోగొట్టుకున్నాడో మాత్రం నీ వల్ల తెలిసింది" అన్నాడు. నేను చేసే పనికి అంతకంటే మంచి మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆట తెలియని మనిషికి కూడా గెలుపు ఎంత దూరంలో ఉందో తెలియజేయాలి. కామెంటరీ అంటే నాకు అదే.

ఇక నాకు కోపం తెప్పించే విషయాలు. తెలుగులో గేమింగ్ స్ట్రీములు చాలా వచ్చాయి, కానీ వాటిల్లో బూతులు ఎక్కువైపోయాయి. ఇంట్లో అమ్మ, చెల్లి పక్కన ఉండగా పెట్టలేని స్ట్రీములే ఎక్కువ. మాటకి ముందు బ్రో, మాటకి తర్వాత బ్రో. ఇంత పెద్ద భాష ఉంది మనకి, నెల్లూరు యాస ఉంది, ఒంగోలు యాస ఉంది, కబడ్డీ మైకులో వినపడే పదాలు ఉన్నాయి. వాటితో చెబితే ఎంత బాగుంటుంది! హైదరాబాదు నుంచి వచ్చిన ఒక నిర్వాహకుడు నాతో యాస మార్చుకోమన్నాడు. నేను మార్చుకోలేదు, మార్చుకోను కూడా.

ఇంకొకటి నెట్. ప్లాన్ మీద 100 ఎంబీపీఎస్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు, అది డౌన్‌లోడ్ సంగతి. స్ట్రీమ్ చేసేవాడికి కావాల్సింది అప్‌లోడ్. 720పి స్ట్రీమ్‌కి కూడా నాలుగైదు ఎంబీపీఎస్ అప్‌లోడ్ గంటల తరబడి నిలకడగా ఉండాలి. మా వీధి కేబుల్ నెట్ వాడికి ఈ తేడా వివరించీ వివరించీ నా గొంతు అరిగిపోయింది. ఊళ్ళో ఉండి స్ట్రీమింగ్ చేస్తానంటే మీ తమ్ముడు మొదట కనుక్కోవాల్సింది ఇది, కొత్త ఫోన్ గురించి కాదు.

అన్నింటికంటే ముఖ్యమైనది బెట్టింగ్ యాప్‌లు. చిన్న ఛానెల్ కొంచెం పెరగగానే వాళ్ళ మెసేజ్‌లు మొదలవుతాయి, యూట్యూబ్ నెలకి ఇచ్చేదానికి ఎన్నో రెట్లు ఒక్క వీడియోకి ఇస్తామంటారు. నాకూ వచ్చాయి, ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకి ప్రచారం చేసినవాడికి రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంటుంది. అదే చట్టం ఈస్పోర్ట్స్‌ని వాటి నుంచి విడదీసి పోటీ క్రీడగా గుర్తించింది. పిల్లలు పాడైపోతున్నారని ఈస్పోర్ట్స్‌ని, జూదాన్ని ఒకే గాటన కట్టి తిట్టే పెద్దవాళ్ళకి ఈ తేడా మీరే చెప్పాలి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈస్పోర్ట్స్‌కి పతకాలు ఇచ్చారని కూడా చెప్పండి. మా నాన్న మెత్తబడింది ఆ మాటకే.

డబ్బు గురించి అడిగారు కాబట్టి నా సంగతి చెబుతాను. కాలేజీ ఫెస్టుకి రోజుకి రెండు వేల నుంచి ఐదు వేల దాకా ఇస్తారు. ఆన్‌లైన్ టోర్నమెంట్లకి ఇంట్లోంచే చెప్పొచ్చు, అక్కడ రేటు తక్కువ గానీ పని తరచుగా ఉంటుంది. పరీక్షల నెలల్లో ఏమీ ఉండదు. అందుకే ఫ్లెక్సీల పని వదల్లేదు. మీ తమ్ముణ్ణి డిగ్రీలో చేరమనండి. కాలేజీలో ఉంటేనే ఫెస్టులు, మైకులు దొరుకుతాయి. ఇంట్లో గది తలుపు వేసుకుని కూర్చుంటే దొరకవు. మొదటి రెండేళ్ళు కావలి, నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఎవరు పిలిచినా డబ్బు అడక్కుండా వెళ్ళమనండి.

ఈ ఆదివారమే ఒక పని చేయించండి. ఏదైనా బీజీఎంఐ మ్యాచ్ రికార్డింగ్ పెట్టి సౌండ్ పూర్తిగా తీసేయండి. మీ అమ్మగారిని ఎదురుగా కూర్చోబెట్టి, మీ తమ్ముణ్ణి మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పమనండి. మధ్యలో ఆపకూడదు, బూతు రాకూడదు. అయ్యాక అమ్మగారిని రెండే ప్రశ్నలు అడగండి: ఎవరు గెలిచారు, రెండోవాళ్ళు ఎందుకు ఓడిపోయారు. ఆమె చెప్పగలిగితే వాడిలో పని ఉంది. చెప్పలేకపోయినా కంగారుపడకండి, ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి, విని ఎక్కడ మార్చుకోవాలో రాస్తాను.