వీడియో కాల్‌లో జ్ఞాపకశక్తి పరీక్ష... చేతి వణుకు అడ్డం కాదా?

ప్రశ్న: మా మామయ్యగారు టీచరుగా రిటైరయ్యారు. డెబ్బై దాటాయి. కొన్నేళ్లుగా పార్కిన్సన్స్ ఉంది. చూపించేది హైదరాబాద్‌లో. ఈసారి అంత దూరం రావద్దు, జ్ఞాపకశక్తి పరీక్ష వీడియో కాల్‌లో చేసేస్తామన్నారు. ‘జబ్బు చేతులకైతే పరీక్ష బుర్రకా?’ అని ఆయనకు కోపం. చెయ్యి వణుకుతుంది, మాట సరిగా వినపడదు. మార్కులు అన్యాయంగా తగ్గుతాయేమోనని నాకు టెన్షన్. పక్కన కూర్చుని అందించవచ్చా?
- ఒక కోడలు, నర్సీపట్నం

జవాబు (క్లినికల్ సైకాలజిస్టు): ఆయన కోపంలో న్యాయం ఉందమ్మా. 1817లో ఈ జబ్బు గురించి రాసిన లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ కూడా తెలివికి ఏమీ కాదనే అనుకున్నారు. అది నిజం కాదని తర్వాత తెలిసింది. కొందరికి ఆలోచన నెమ్మదిస్తుంది, ఒక పనిని వరుసలో పెట్టుకోవడం కష్టమవుతుంది. ముందే పసిగడితే మందులు సర్దవచ్చు. ఇందులో పాస్, ఫెయిల్ లేవని ఆయనకు చెప్పండి.

నేను మొదట అడిగేది టైమ్. సిండోపా లాంటి మాత్ర వేసుకున్నాక ఒళ్లు తేలికపడి, మాట బాగా వచ్చే సమయం ఒకటుంటుంది కదా, పరీక్ష అప్పుడే జరగాలి. మాత్ర ప్రభావం దిగిపోయే వేళకు స్లాట్ ఇస్తే మార్చమని అడగండి. ఇందులో మొహమాటం వద్దు.

ఎక్కువగా వాడే ‘మోకా’ పరీక్షకు 30 మార్కులు. కెనడాలో పుట్టినా తెలుగులోనూ ఉంది, తెలుగులోనే పెట్టమనండి. గడియారం బొమ్మ గీయమంటారు. అంకెలు వాటి చోట ఉన్నాయా, ముళ్లు చెప్పిన టైమ్ చూపిస్తున్నాయా అన్నది ముఖ్యం. గీత వణికినంత మాత్రాన మతి తప్పినట్టు కాదు. చెయ్యి అసలు సాగకపోతే బొమ్మలు లేకుండా 22 మార్కులకు ఫోన్‌లో చేసే పద్ధతి కూడా ఉంది. ఒక అక్షరం వినపడినప్పుడల్లా తట్టమనే ప్రశ్న మాత్రం చిక్కే, వణికే చెయ్యి తనంతట తానే తట్టేస్తుంది. ఏ చెయ్యి ఎక్కువ వణుకుతుందో పరీక్ష చేసేవాళ్లకు ముందే చెప్పండి.

మీరు చేయాల్సిన సాయం అంతా కాల్ మొదలయ్యే లోపే. ఫోన్ కదలకుండా నిలబెట్టండి, మైకున్న ఇయర్‌ఫోన్లు పెట్టండి, కళ్లద్దాలు ఇవ్వండి. తేదీ అడుగుతారు కాబట్టి ఎదురుగా గోడ మీదున్న క్యాలెండర్ తీసేయండి. తర్వాత పక్క గదిలోకి వెళ్లిపోండి. ఐదు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడుగుతారు. ఆయన తడుముకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఇంట్లోవాళ్ల వల్ల కాదు, నాకు తెలుసు. కానీ మీరు ఒక్క మాట అందించినా ఆ లోపం మాకు కనపడకుండా పోతుంది.

వణుక్కి ప్యాసిటేన్ వాడుతున్నారా? అయితే తప్పకుండా చెప్పండి. పెద్ద వయసులో ఆ మందే మతిమరుపు, తికమక తేగలదు. డాక్టరు చెప్పకుండా మాత్రం ఆపకండి.

ఒక్క స్కోరు చూసి ఎవరూ ‘డిమెన్షియా’ అనరు, అనకూడదు. ఇంట్లో ఏం మారిందన్నది మాకు అంతే అవసరం. పెన్షన్ లెక్కలు తప్పుతున్నారా, మాత్రలు కలగలిపేస్తున్నారా, లేని మనుషులు కనిపిస్తున్నారంటున్నారా? ఇవన్నీ ఆయన ముందు చెప్పలేరు. పరీక్షకు ముందురోజే విడిగా ఫోన్ చేసి చెప్పండి.