పెన్షన్ పెరగలేదు, ఇంటి పన్ను పెరిగింది: ఇది న్యాయమేనా?

ప్రశ్న: నేను రిటైరయ్యాను, పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేదు. ఎన్నో ఏళ్లుగా ఉంటున్న ఇంటి విలువ పెరిగిందని ఈసారి పన్ను పెంచారు. పక్కింట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే, వాళ్లకూ దాదాపు ఇంతే పన్ను. ఇదేం న్యాయం? ఇల్లు అమ్మేయాలా?

జవాబు: ముందు అమ్మే ఆలోచన పక్కన పెట్టండి. ఒక్క నోటీసు చూసి తీసుకునే నిర్ణయం కాదది.

మీ బాధ నిజమే. ఆదాయపు పన్ను చేతికొచ్చిన డబ్బు మీద పడుతుంది, ఇంటి పన్ను మాత్రం మీరు అమ్మని, అమ్మే ఉద్దేశమే లేని ఇంటికి కాగితం మీద వేసిన విలువను బట్టి పడుతుంది, కట్టాల్సింది మాత్రం పెన్షన్‌లోంచే. అందుకే చాలామంది 'పాత యజమానులకు విలువ పెంచకుండా ఆపేయండి' అంటారు. నేను దీనికి ఒప్పుకోను. కాలిఫోర్నియాలో 1978 నుంచి అలాగే చేస్తున్నారు: ఇల్లు చేతులు మారేదాకా పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. దాంతో ఒకే వీధిలో ఒకేలాంటి ఇళ్లున్నా, ఎప్పుడో కొన్నవాళ్ల కంటే నిన్న కొన్నవాళ్లు ఎన్నో రెట్లు కడతారు, ఆ కొత్తవాళ్లు లోన్ వాయిదాలతో సతమతమవుతున్నా సరే, ఆ పాతవాళ్లు కోటీశ్వరులైనా సరే. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ టాక్స్ అనే ఇంటి పన్ను కోసం ఇళ్లను విలువను బట్టి శ్రేణులుగా విడదీస్తారు, దానికి ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి విలువలే ఆధారం, పైగా ఒకే ఊళ్లో అన్నిటికన్నా పై శ్రేణి ఇంటికి పడేది అట్టడుగు శ్రేణి ఇంటికి పడేదానికి మూడు రెట్లే, అసలు ధరల్లో తేడా ఎంతున్నా.

విలువలు ఎప్పటికప్పుడు నిజాయితీగా సవరించాలి, కట్టలేనివాళ్లకు ఆదాయాన్ని బట్టి ఊరట ఇవ్వాలి, నేను కోరేది ఇదే. అమెరికాలోని విస్కాన్సిన్ 1964లోనే తక్కువ ఆదాయమున్న వృద్ధులకు ఇలాంటి ఊరట మొదలుపెట్టింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, ఐర్లాండ్‌లో అర్హత ఉన్నవాళ్లు పన్నును వాయిదా వేసుకుని, ఇల్లు అమ్మినప్పుడో చేతులు మారినప్పుడో వడ్డీతో కలిపి తీర్చొచ్చు.

ఇక మీ సంగతి. నోటీసులో ఇంటి విస్తీర్ణం, అంతస్తులు, కట్టిన సంవత్సరం, మీరే ఉంటున్నారా అద్దెకిచ్చారా అన్న వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి, తప్పులు దొర్లేది ఎక్కువగా ఇక్కడే. తర్వాత మీ ఇంటిలాంటి ఇళ్లకే ఎంత విలువ వేశారో పోల్చండి. మీ విలువ పెరగడం ఒక్కటే అసలు విషయం కాదు: స్థానిక సంస్థ తనకు కావాల్సిన మొత్తాన్ని ముందే తేల్చుకుని అందరికీ పంచే పద్ధతిలో, మీ విలువ మిగతావాళ్ల కంటే ఎక్కువ పెరిగితేనే మీ వాటా పెరుగుతుంది. తేడా కనిపిస్తే గడువులోగా అప్పీల్ పెట్టండి. డబ్బూ తీరికా ఉన్నవాళ్లు అప్పీల్‌కి వెళ్తారు, మీలాంటివాళ్లు మౌనంగా కట్టేస్తారు, నాకు కోపం తెప్పించేది ఇదే. అప్పీల్ పెట్టారు కదా అని కట్టడం మాత్రం ఆపకండి, తర్వాత వడ్డీ, జరిమానా పడొచ్చు.

సీనియర్ సిటిజన్లకు, తక్కువ ఆదాయం వాళ్లకు రాయితీ ఉందేమో అడగండి, సాధారణంగా దరఖాస్తు చేస్తేనే వస్తుంది. వాయిదా సౌకర్యం ఉంటే అది ఇంటి మీద పెరుగుతూ పోయే అప్పే కాబట్టి పిల్లలతో మాట్లాడాకే తీసుకోండి. ఇవేవీ కుదరకపోతే ఏడాది పన్నును పన్నెండు భాగాలు చేసి, పెన్షన్ పడిన రోజే ఒక భాగం వేరే ఖాతాలోకి మళ్లించండి. ఇవన్నీ చేశాక కూడా మందులకూ తిండికీ కోత పడుతుంటే, అప్పుడు చిన్న ఇంటికి మారే లెక్క వేద్దాం, మీ నెల ఖర్చుల వివరాలు రాయండి.