కోపు మారినప్పుడు తప్పుతున్నందుకు కోలాటం మానేయకండి

మీరు పాటలో మాట కోసం ఎదురుచూస్తున్నారు, అందుకే కోపు (అడుగుల, కోల దెబ్బల వరస) మారగానే వెనకబడుతున్నారు. ఒడియా మీడియంలో చదివాను, పాట మాటలు అందడం లేదు, పర్లాకిమిడి జట్టులో నావల్లే అందరూ ఆగుతున్నారు అని రాశారు కదా. మాటలు తర్వాత వాటంతట అవే వస్తాయి. ముందు ఇవి చేయండి.

1. ఇంట్లో కోలలు లేకుండా, తాళానికి అడుగులు మాత్రమే వేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. తప్పినప్పుడు ఆగకండి, పోయిన దెబ్బ కోసం పరుగెత్తకండి. కోలలు దించి, అడుగు వేస్తూనే వలయంలో మీ చోటు నిలుపుకోండి. వరస మళ్ళీ మొదలయ్యే దెబ్బకి కోల కలపండి. మీరు ఆగితే వెనకామె ఆగుతుంది, వలయం చెదురుతుంది. ఒక దెబ్బ తగ్గితే చూసేవాళ్ళకి తెలియను కూడా తెలియదు. అమెరికా స్క్వేర్ డాన్స్‌లోనూ నాలుగు జంటల్లో వరస చెదిరితే తమ మొదటి చోటికి చేరుకుని అడుగులు చెప్పే మనిషి ఇచ్చే తర్వాతి పిలుపు అందుకుంటారు.

3. గురువుగారిని అడిగి పాతామెతో జత వేయించుకోండి. ఇద్దరూ కొత్తవాళ్ళైతే ఇద్దరికీ టెన్షనే.

జడ కోలాటం (పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని జడలా అల్లుతూ ఆడేది) మాత్రం ఇప్పుడే వద్దు. అక్కడ ఒక్కరు తప్పితే తాళ్ళ అల్లిక చిక్కుపడుతుంది, అందరూ వెనక్కి తిరిగి విప్పాలి. మామూలు కోపులు కుదిరాక అందులో చేరండి, తప్పకుండా చేయగలరు.